అచ్చయ్యేదాకా

చనిపోయాక కూడా పట్టకారు పొద్దున్నే అదే వేళకి లేచేవాడు. లేవడమంటే నిద్ర లేవడం కాదు, పోయినవాళ్ళకి నిద్రెక్కడిది. గోడవార కుర్చీలోంచి లేచి నిలబడటం, అంతే. నీలం చొక్కా తొడుక్కుని, తప్పు పడ్డ అక్షరాన్ని పీకే, ఆయనకి ఆ పేరు తెచ్చిపెట్టిన చిన్న పట్టకారు జేబులో వేసుకుని, ఖాళీ క్యారేజీ చేతికి తగిలించుకునేవాడు. ఖాళీది ఎందుకండీ మోత, అని భార్య మొదట్లో అడిగింది. చెయ్యి బోసిగా ఉంటే నడక కుదరడం లేదన్నాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు. ఎవరూ తినని ఆ క్యారేజీని రోజూ తోమి బోర్లించి ఉంచేది.

ఇద్దరూ కలిసే బయల్దేరేవాళ్ళు. ఇద్దరిదీ ఒకే పత్రిక, సాయంత్రం వచ్చే నాలుగు పేజీల పేపరు. ఆయన కంపోజిటరు, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసలు పేర్చేవాడు. ఆమె అచ్చయిన పేపర్లు మడిచే సెక్షన్లో పనిచేసేది, అందుకే ఆమెని అందరూ మడతమ్మ అనేవాళ్ళు. సబ్బుల కొట్టు మూల దాకా పక్కపక్కన నడిచేవాళ్ళు. అక్కడ ఆయన ఆగి, వంగి, చెప్పు సరిచేసుకునేవాడు. చెప్పుకేమీ అయ్యేది కాదు. ఆమె ముందుకు వెళ్ళిపోవాలని ఆగేవాడు. ఎందుకంటే ఆమె వెళ్ళేది ప్రెస్సు గేటు ముందున్న సమ్మె టెంటులోకి. ఆయన వెళ్ళేది ఆ టెంటు ముందునుంచే గేటు లోపలికి, పనిలోకి. సమ్మె చేసే మనిషీ, సమ్మెని విరిచే మనిషీ ఒక ఇంట్లో కాపురం చెయ్యొచ్చు గానీ, జంటగా రోడ్డు మీద కనిపిస్తే బాగుండదు కదా.

ఆ ఊళ్ళో మనిషి పోతే, పోయినట్టు పేపర్లో పడేదాకా ఎక్కడికీ వెళ్ళడు. అక్కడెవరికీ అది వింత కాదు. డాక్టరు నాడి చూసి అయిపోయిందని చెప్పి సంచీ సర్దుకునేవాడు, పోయిన మనిషి లేచి ఓ పక్కన కుర్చీలో కూర్చునేవాడు. ఇంట్లోవాళ్ళు ప్రకటన రాసి పత్రికాఫీసుకి పంపేవాళ్ళు. మర్నాడు సాయంత్రం పేపరొస్తే ఎవరో ఒకరు దాన్ని పైకి చదివేవాళ్ళు. చదవడం అయ్యేసరికి కుర్చీలో బట్టలు మాత్రం మిగిలేవి. ఆ ఒక్క రోజు గడువు బతికున్నవాళ్ళకి బాగా పనికొచ్చేది. బీరువా తాళం ఎక్కడ దాచాడో అడిగి తెలుసుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు మాట్లాడుకునేవాళ్ళు. మరీ మొండివాళ్ళు పాత తిట్లే ఇంకోసారి తిట్టుకునేవాళ్ళు.

అలాంటి ఊరికి సమ్మె వచ్చింది. ఊరికేమిటి, దేశానికే వచ్చింది. రైళ్ళు, రేవులు, మిల్లులు, బస్సులు, అన్నీ ఒకే పొద్దున ఆగిపోయాయి. పేపర్లు కూడా ఆగాలి. కానీ పేపర్లవాళ్ళు నోరు మూసుకుని ఆగే రకమా? ఒక చోట ఎడిటరు గారి అల్లుళ్ళు మెషీను తిప్పారట. అందులో చిన్నల్లుడి వేలు నలిగితే ఆ వేలి సంగతే మొదటి పేజీలో వేశారట. ఇంకో చోట గుమాస్తాలు ఒంటి కాగితం మీద టైపు కొట్టి నకళ్ళు పంచారట. ఒక పెద్ద పత్రిక నిరుటి వార్తలకే తేదీ మార్చి వేస్తే, చాలామంది పోల్చుకోలేకపోయారట.

ఈ ఊరి పేపరు మాత్రం మొదట నిజంగానే ఆగింది. ఆగేసరికి పోయినవాళ్ళు పోకుండా ఇళ్ళల్లో నిలవైపోయారు. కుర్చీలు చాలక పక్కింటి నుంచి అడిగి తెచ్చుకున్నారు. పోయినవాళ్ళు అన్నం అడగరు, చోటు అడగరు, కానీ కళ్ళు మూయరు. రాత్రీ పగలూ అలా చూస్తూ కూర్చునే మామగారిని ఏ కోడలు భరిస్తుంది? ఇదంతా సమ్మె వల్లేనని జనం గొణగడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే మేనేజరుకి ఒక ఆలోచన వచ్చింది. ఎండలో కూడా చొక్కా ముడత పడని ఆయనకి ఇస్త్రీబాబని పేరు. యూనియను రూల్సు తెప్పించి చదివాడు. సభ్యత్వం చావుతో రద్దవుతుందని అందులో ఉంది. అంటే చచ్చినవాడు సమ్మెలో లేనట్టే.

ఆ రోజుల్లో పోయినవాళ్ళలో ప్రెస్సు మనుషులు కొందరున్నారు. రిటైరైన కంపోజిటర్లు, ఒక మెషీన్‌మాన్, మన పట్టకారు. ఇస్త్రీబాబు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కూర్చుని, సమ్మె అయిపోయేదాకా పనిలోకి రండి, అయిన మర్నాడే మీ ప్రకటనలు మొదటి పేజీలో చుట్టూ బార్డరు కట్టి వేయిస్తానని మాటిచ్చాడు. పేపరు మళ్ళీ మొదలైంది. ఊళ్ళోవాళ్ళ చావులు రోజూ అచ్చయ్యేవి, వాళ్ళు హాయిగా వెళ్ళిపోయేవాళ్ళు. వీళ్ళవి మాత్రం అచ్చయ్యేవి కావు. వీళ్ళు జీతం అడగరు, టీ అడగరు, కాలు నొప్పనరు, నినాదం అసలే ఇవ్వరు. ఏ యజమానికీ కలలో కూడా దొరకని మనుషులు. ఊళ్ళోవాళ్ళు ఇస్త్రీబాబుని మెచ్చుకున్నారు. కుర్చీలు ఖాళీ అయ్యాయి కదా.

పట్టకారు పోయింది సమ్మె టెంటులోనే. నినాదం ఇస్తూ ఇస్తూ గుండె పట్టుకుని కూర్చున్నాడు, మంచినీళ్ళు తెచ్చేలోపల అయిపోయింది. కాసేపటికి లేచి, కూర్చున్న కుర్చీని చేత్తో తుడిచి, ఇంటికి నడిచాడు. మొదట ఇస్త్రీబాబుకి ఏ జవాబూ ఇవ్వలేదు. కానీ ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. కుర్చీ చేతి మీద వేళ్ళు వాటంతటవే కదిలేవి, లేని అక్షరాలు ఏరి లేని వరసలు పేర్చేవి. మడతమ్మ చీకట్లో పడుకుని ఆ చప్పుడు వినేది. చివరికి వెళ్ళిరమ్మని ఆమే చెప్పింది. ఈ మాట టెంటులో ఎవరికీ తెలియదు. ఆయనే వెళ్తున్నాడు, నా మాట వినడం లేదని వాళ్ళకి చెప్పుకుంది.

ఆయన వేళ్ళ మీద జాలితో అన్నదని అనుకోవచ్చు, అందులో కొంత నిజం కూడా. కానీ మిగతా నిజం ఇది. ఆయన ఆ పనిలో ఉన్నంతకాలం ఆయన ప్రకటన అచ్చవదు. అచ్చవనంతకాలం సాయంత్రమయ్యేసరికి గుమ్మంలో ఆ ఖాళీ క్యారేజీ చప్పుడవుతుంది. ఆమెకి ఆ చప్పుడు కావాలి. సమ్మె గెలవాలనీ ఉంది, సమ్మె అయిపోకూడదనీ ఉంది. ఆయన అక్కగారు వచ్చి, నా తమ్ముణ్ణి ఎన్నాళ్ళిలా నిలబెడతావని నిలదీస్తే, సమ్మెలో ఉన్నదాన్ని ఆ గేటు తొక్కి ప్రకటన ఎలా ఇస్తాను వదినా, అని బుకాయించింది. దొరికిన సాకు మంచిది, పరువైనది కూడా.

ఇక పేపరు సంగతి. అది మళ్ళీ మొదలైన రోజే టెంటులో అందరూ ఒట్టు పెట్టుకున్నారు, ఆ పేపరు మొదటి పేజీ చదవకూడదని. అందులో ఉండేవన్నీ అబద్ధాలే. రేవు కూలీలు పనిలోకి దిగారని ఒక సాయంత్రం, రైళ్ళు కదిలాయని మరో సాయంత్రం. టెంటువాళ్ళు చదవకపోయినా ఊరంతా చదివేది. మిల్లువాళ్ళు చదివి, రేవువాళ్ళే దిగాక మనకెందుకని ఇద్దరూ ముగ్గురూ పనిలోకి జారుకున్నారు. వాళ్ళు జారుకున్న సంగతి మర్నాటి పేపర్లో వచ్చింది, అదొక్కటి నిజమే. ఒక అబద్ధం వేస్తే దాని పక్కన ఒక నిజం మొలుస్తోంది. ఇలాగే ఇంకో వారం సాగితే సమ్మె దానంతటదే చస్తుందని అందరికీ అర్థమైంది.

ఒక మధ్యాహ్నం యూనియను సెక్రటరీ మడతమ్మ పక్కన వచ్చి కూర్చున్నాడు. కాసేపు ఎండ గురించి మాట్లాడాడు. ఆ తర్వాత తల వంచుకుని అన్నాడు.

"చెల్లెమ్మా, బతికినన్నాళ్ళూ పట్టకారు మా మాట కాదనలేదు. ఇప్పుడు చచ్చి సాధిస్తున్నాడు."

"వాళ్ళని బెదిరించలేం, కొనలేం. నన్నేం చెయ్యమంటావన్నా?"

"అదే నాకూ తెలియడం లేదు," అన్నాడాయన, లేచి వెళ్ళిపోయాడు.

ఆమెకి తెలుసు. చాలా రోజులుగా తెలుసు. పోయినవాళ్ళకి కావలసింది ఒక్కటే, వాళ్ళ ప్రకటన. పేర్చేదీ వాళ్ళే, పేజీ కట్టేదీ వాళ్ళే, మెషీను తిప్పేదీ వాళ్ళే. ఇస్త్రీబాబు చూసేది మొదటి పేజీ ఒక్కటే, చివరి పేజీ ప్రకటనలు పొద్దునే కట్టి పెట్టేస్తారు కాబట్టి దాని జోలికి పోడు. వాళ్ళే వాళ్ళ ప్రకటనలు పేర్చి ఆ పేజీలో కట్టేసుకుంటే ఆపేవాడెవడు? ఎవరైనా పైకి చదివితే చాలు, మర్నాటికి పేర్చే చెయ్యి ఉండదు, పేపరు ఉండదు. ఇంత సులువైన ఉపాయాన్ని ఆమె ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని టెంటులో నినాదాలిచ్చింది.

ఆ సాయంత్రం ఆయన వచ్చి క్యారేజీ కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాక, ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏవండీ, ఇవాళ ఏం వార్త పేర్చారు?"

"నాకేం తెలుసే? దీర్ఘాలు చాలలేదు, పక్కాయన దగ్గర అప్పు తెచ్చుకున్నాను."

ఇందులో ఆయన కపటం లేదు. కంపోజింగులో పని అలాగే ఉంటుంది. వచ్చిన వార్తను కత్తెరతో ముక్కలు చేసి ఒక్కొక్కరికి నాలుగైదు వరసలు పంచుతారు, అందరూ ఒకేసారి పేరిస్తే పని తొందరగా తెములుతుందని. చేతికొచ్చే ముక్కకి తలా ఉండదు, తోకా ఉండదు. పైగా పనిలో చేరిన రోజునే నేర్పే మొదటి పాఠం, అక్షరం చూడు, అర్థం చూడకు అని. అర్థం చూస్తే చెయ్యి ఆగుతుంది, తప్పులు దొర్లుతాయి. యుద్ధాలూ వరదలూ పట్టకారు చేతుల మీదుగా వెళ్ళాయి, ఆయన వాటిని సాయంత్రం ఇంట్లో పెళ్ళాం చదివితే విని ఆశ్చర్యపోయేవాడు.

"రేవు కూలీలు పనిలోకి దిగారని పేర్చారు. వాళ్ళు దిగలేదు. అది చదివి మిల్లువాళ్ళు దిగారు."

ఆయన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. పోయినా వాటి మసి పోలేదు.

"నా చేతుల మీదుగానే వెళ్ళిందా?"

"మీ అందరి చేతుల మీదుగానూ."

అప్పుడు ఆమె ఉపాయం చెప్పింది. నెమ్మదిగా, ఇంటికి కావలసిన సరుకులు చెప్పినట్టు చెప్పింది.

"ఇది సెక్రటరీ అడగమన్నాడా?"

"కాదు. నేనే అడుగుతున్నాను."

"ఎప్పుడు తట్టింది నీకు?"

"మీరు పనిలోకి వెళ్ళిన మొదటి రోజే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరుంటారని."

ఊపిరి లేని మనిషి ఊరుకుంటే ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆమెకి ఆ రోజే తెలిసింది.

"నాకూ తట్టిందే," అన్నాడు చివరికి. "నేనూ అందుకే చెప్పలేదు."

ఆ తర్వాత ప్రకటనలో ఏం రాయాలో ఆమె చెప్పబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. కంపోజిటరు చావు వార్తను ఇంకొకళ్ళు చెప్పి రాయించారంటే సెక్షనంతా నవ్వుతారన్నాడు. సంసారంలో ఆయన వేసిన ఆఖరి జోకు అదే. ఆమె నవ్వింది, నవ్వు పూర్తి కాకముందే ఏడ్చింది.

మర్నాడు సబ్బుల కొట్టు మూల దగ్గర ఆయన ఆగలేదు. చెప్పు సరిచేసుకోలేదు. ఇద్దరూ జంటగా టెంటు ముందుకి వచ్చారు. ఏ సంగతీ చెప్పకపోయినా సెక్రటరీ లేచి నిలబడ్డాడు, అది చూసి మిగతావాళ్ళూ లేచారు. గేటు దగ్గర పట్టకారు ఖాళీ క్యారేజీ తీసి ఆమె చేతికి తగిలించాడు.

"సాయంత్రం తెచ్చే మనిషి ఉండడు కదా," అన్నాడు.

ఆ రోజు లోపల వార్త ముక్కలు మరీ చిన్నవిగా వచ్చాయి. ఒక్కొక్కరికి ఒకటిన్నర వరస, రెండు వరసలు. కత్తెర పట్టుకుని ఇస్త్రీబాబే స్వయంగా కత్తిరించాడట. పేర్చేవాళ్ళకి అది వింతగా తోచలేదు, పైగా మంచిదే అయింది, ముక్క చిన్నదైతే చెయ్యి తొందరగా ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోనే, పట్టకారు చెప్పిన ప్రకారం, ఒక్కొక్కరూ తమ ప్రకటన పేర్చుకున్నారు. సినిమా ప్రకటన తీసేసి ఆ చోట కట్టారు. మెషీన్‌మాన్ పేజీ ఎక్కించాడు. మధ్యాహ్నం దాటాక మెషీను మొదలైంది.

సమ్మె మొదలైనప్పటినుంచీ పేపరు మడత లేకుండానే వచ్చేది, మడిచేవాళ్ళు టెంటులో ఉన్నారు కదా. చుట్టచుట్టి అమ్మేవాళ్ళు. పొద్దున ఆయన లోపలికి వెళ్ళాక ఉపాయం విన్న సెక్రటరీ, ఒక కాపీ తెప్పించి మడతమ్మ చేతికిచ్చాడు. ఒట్టు ఒట్టే కాబట్టి మొదటి పేజీ ఎవరూ చూడలేదు. ఆమె కాగితం తిరగేసి, చివరి పేజీ పైకి పెట్టుకుని నిలబడింది. అందరూ చుట్టూ చేరారు.

ముందు ముసలి కంపోజిటర్ల ప్రకటనలు చదివింది. ఒక్కొక్కటీ అయ్యేకొద్దీ లోపలి అలికిడి తగ్గుతూ వచ్చింది. మెషీన్‌మాన్ ప్రకటన చదవగానే మెషీను నెమ్మదించి ఆగిపోయింది. ఇక ఒకటే మిగిలింది. ఆమె నీళ్ళు తాగింది. చీర కొంగు సర్దుకుంది. ఇంకా చెయ్యడానికి పనేమీ దొరకలేదు, చదివింది.

'కంపోజిటరు. సమ్మె టెంటులో పోయాడు. తర్వాత కొన్నాళ్ళు తెలియక పనిచేశాడు, అందరూ క్షమించాలి. ఈ రోజు నుంచి మళ్ళీ సమ్మెలో ఉన్నాడు. భార్య మడత సెక్షను, ఆమె చెప్పాకే వెళ్ళాడు.'

పెద్ద పెద్ద కిటికీలున్న ఆ భవనంలోంచి ఏ చప్పుడూ లేదు. టెంటులో కేకలు, చప్పట్లు. సెక్రటరీ కళ్ళు తుడుచుకున్నాడు. రేపట్నుంచి పేపరు లేదు, అబద్ధం లేదు, సమ్మె నిలిచిందని ఎవరో అంటున్నారు. రోడ్డు మీద పోయే ఒక మిల్లు గుమాస్తా ఆగి, ఇంకెందుకు ఈ టెంటు అని అడిగాడు. అతని చంకలో అదే పేపరు ఉంది, అతనికి ఏ ఒట్టూ లేదు.

"అయిపోయిందిగా సమ్మె? మొదటి పేజీలో అంత పెద్ద అక్షరాలతో వేస్తేనూ."

కాగితం తిప్పి చూశారు. నిజమే. ముందు రోజు సాయంత్రమే పైనాయకులు ప్రభుత్వంతో కూర్చున్నారు, సమ్మె విరమించారు. కోర్కెలన్నిటినీ సానుభూతితో పరిశీలిస్తారట. అందరూ మర్నాడు పొద్దున పనిలో ఉండాలట. వాళ్ళు ఏరు దాటారు, తెప్ప తగలేశారు. కబురు టెలిగ్రాఫు వైరు మీద ముందు ప్రెస్సుకే చేరింది, టెంటుకి ఎవరూ చెప్పలేదు. సమ్మె అయిపోయిందని తెలిస్తే లోపలివాళ్ళు ఆ క్షణమే తమ ప్రకటనల కోసం పట్టుబడతారని ఇస్త్రీబాబు వార్తని తునకలు చేసి పంచాడు. ఎవరికీ ఏ ముక్కలోనూ ఏమీ తెలియలేదు. వాళ్ళ ముక్తి వార్తని వాళ్ళే పేర్చి, చదువుకోకుండా వెళ్ళిపోయారు.

మడతమ్మకి మిగతావాళ్ళకంటే ఒకటి ఎక్కువ అర్థమైంది. సమ్మె అయిపోతే ఇక తొందరే లేదు. ప్రకటన ఎప్పుడివ్వాలో ఆమె ఇష్టం. నెల ఆగి ఇవ్వొచ్చు, ఏడాది ఆగి ఇవ్వొచ్చు. అక్కగారు తిడితే పడొచ్చు. సాయంత్రం గుమ్మంలో క్యారేజీ చప్పుడు ఎన్నాళ్ళైనా వినొచ్చు. చదివేముందు కాగితాన్ని మొదటి పేజీకి తిప్పి ఉంటే చాలు. ఆమె రోడ్డు మీదే కూలబడి, ఆ క్యారేజీని పొట్టకి అదుముకుని, ఎవరు లేపినా లేవకుండా చాలాసేపు కూర్చుంది.

పొద్దున అందరూ పనిలోకి దిగారు. ఆమె కూడా దిగింది, ఇంట్లో ఉండి చేసేదేముంది. కంపోజింగ్ నుంచి ఒకతను వచ్చి, వదినా, అన్నయ్య ఆఖరున పేర్చిన ముక్క ఇదీ, అని కాగితం తునక చేతిలో పెట్టాడు. 'రేపు ఉదయం నుంచి యథావిధిగా పనికి హాజరు కావాలని నాయ' అని ఉంది, అంతే. దాన్ని రవికలో దోపుకుని మడత బల్ల ముందు కూర్చుంది. రైళ్ళు కదిలాయి కాబట్టి పొరుగూళ్ళకి పోవలసిన నిన్నటి కట్టలన్నీ మడవాలి. మొదటి పేజీ పైకి రావాలి, చివరి పేజీ లోపలికి పోవాలి. ఎప్పుడూ అంతే. ఆమె చేతులు ఇన్నేళ్ళూ కాగితంలో ఏముందో చూడకుండానే మడిచాయి.

ఆ రోజు చూసి మడిచాయి. కాసేపటికి ఇస్త్రీబాబు వచ్చి ఒక కాపీ తీశాడు. చివరి పేజీ పైకి ఉంది. ఇంకోటి తీశాడు, అదీ అంతే. కట్టంతా అంతే.

"మడత తిరగబడిందమ్మా. అన్నీ విప్పి మళ్ళీ మడువు."

"మడవను. నేను సమ్మెలో ఉన్నాను."

"ఏ లోకంలో ఉన్నావు? సమ్మె అయిపోయింది, పేపర్లో వచ్చింది."

"మొదటి పేజీలో అయిపోయింది," అంది మడతమ్మ. "చివరి పేజీ చూడండి. మళ్ళీ సమ్మెలో ఉన్నాడని ఉంది. అదీ పేపర్లోనే వచ్చింది."

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చేతులాపారు. ఇస్త్రీబాబు తీసిన కాపీని మళ్ళీ కట్ట మీదే పెట్టేశాడు. పేపర్లో పడ్డ మాటని ఆ ఊళ్ళో ఎవరూ కాదనలేరు. ఆమె లేచి, క్యారేజీ తీసుకుని, గేటు దాటింది. కాసేపటికి ఆడవాళ్ళ చేతులు మళ్ళీ కదిలాయి. వాళ్ళకీ పిల్లలున్నారు.

ఆ మర్నాటికి టెంటు పీకేశారు. గుంజలు పాతిన గుంటలు మిగిలాయి. మడతమ్మ పొద్దున్నే ఖాళీ క్యారేజీ పక్కన పెట్టుకుని వాటి మధ్య కూర్చుంది. పనిలోకి వెళ్ళేవాళ్ళు సబ్బుల కొట్టు మూల దాకా వచ్చి, ఆమెని చూసి ఆగి, వంగి, చాలాసేపు చెప్పులు సరిచేసుకున్నారు.